చెబుతూ, అడుగుతూ నేర్చుకోవడం ఎలా?

చదువుతున్నంత సేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసిన తర్వాత ఎవరైనా "ఇంతకీ అందులో ఏం చెప్పారు?" అని అడిగితే మాత్రం రెండు వాక్యాలు దాటకముందే నీళ్లు నమలాల్సి వస్తుంది. చాలామంది దీన్ని జ్ఞాపకశక్తి లోపమని అనుకుంటారు. నిజానికి లోపం అంతకు ముందే, అర్థం చేసుకునే దశలోనే జరిగి ఉంటుంది. పుస్తకంలోని వాక్యాలకు ఉన్న పొందికను మన అవగాహనకు ఉన్న పొందికగా పొరబడి ఉంటాం. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ పొరబాటును చక్కగా బయటపెట్టింది. జిప్పు, తాళం, ఫ్లష్ టాయిలెట్ వంటి రోజువారీ వస్తువులు ఎలా పనిచేస్తాయో తమకు ఎంతవరకు తెలుసో అంచనా వేసుకోమని వారు కొందరిని అడిగారు. ఆ తర్వాత ఆ పనితీరును మొదటి నుంచి చివరి వరకు ఒక్కో మెట్టూ వివరంగా రాయమన్నారు. రాసిన తర్వాత మళ్లీ అంచనా వేసుకోమంటే, అంతకుముందు తమకు తాము వేసుకున్న మార్కులను వారే తగ్గించుకున్నారు. వారికి ఎవరూ కొత్తగా ఏమీ చెప్పలేదు, తప్పు పట్టనూ లేదు. వివరించాల్సి రావడమే వారి కళ్లు తెరిపించింది.

ఇతరులతో మాట్లాడటం చదువుకు ఎందుకు ఉపయోగపడుతుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మాట్లాడటంలో తనంతట తానుగా మహిమ ఏమీ లేదు. వివరించాల్సిన అవసరాన్ని కల్పించే మాటలే చదువును ముందుకు నడిపిస్తాయి. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకప్పుడు మేం నలుగురం కలిసి కొన్ని నెలల పాటు గణాంకశాస్త్రం చదివాం. మాలో బాగా తెలిసిన వ్యక్తి ప్రతి సాయంత్రం చెప్పేవారు, మిగిలిన ముగ్గురం ఊ కొట్టేవాళ్లం. పరీక్షల నాటికి చెప్పిన వ్యక్తికి ఆ విషయం కొట్టిన పిండి అయింది. మా ముగ్గురికి మాత్రం బాగా విన్నామన్న తృప్తి మిగిలింది. కలిసి కూర్చోవడం అందరికీ తెలుసు కాబట్టి, కూర్చున్న తర్వాత ఏం చేయాలో, ఏం చేయకూడదో మాత్రమే ఇక్కడ వివరిస్తాను.

ఏ రకం సంభాషణ?

సంస్కృతంలో ఒక పాత శ్లోకం ఉంది: "ఆచార్యాత్ పాదమాదత్తే, పాదం శిష్యః స్వమేధయా, పాదం సబ్రహ్మచారిభ్యః, పాదం కాలక్రమేణ చ". విద్యార్థికి అబ్బే విద్యలో పావు వంతు గురువు నుంచి, పావు వంతు సొంత బుద్ధి వల్ల, పావు వంతు తోటి విద్యార్థుల నుంచి, చివరి పావు వంతు కాలక్రమంలో వస్తుందని దీని భావం. ఈ పావు లెక్కలను తూకం వేసి చూడనవసరం లేదు. తోటి విద్యార్థుల వాటాను గురువు వాటాతో సమానంగా నిలబెట్టడమే ఇందులో గమనించదగిన విషయం.

అయితే తోటివారితో జరిగే మాటలన్నీ ఒక కోవకు చెందవు. ప్రాచీన భారతీయ తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముని న్యాయసూత్రాలు చర్చలను మూడు రకాలుగా విభజించాయి. సత్యం తేల్చుకోవడానికి ఇరుపక్షాలూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే అది వాదం. గెలవడమే లక్ష్యంగా మాటల మెలికలు, ఎత్తుపొడుపులు కూడా వాడితే అది జల్పం. తనదంటూ ఏ పక్షాన్నీ నిలబెట్టకుండా ఎదుటివారు చెప్పినదాన్నల్లా కొట్టిపారేస్తూ పోతే అది వితండం. మనం రోజూ వాడే "వితండవాదం" అన్న మాట అక్కడి నుంచి వచ్చినదే. చదువుకోవడానికి కూర్చున్నవారికి పనికొచ్చేది మొదటిది ఒక్కటే. మొదటిది ఎప్పుడు రెండోదిగా మారిందో కనిపెట్టడానికి సులువైన గుర్తు ఒకటుంది: "నేను ఇందాక చెప్పింది తప్పేమో" అన్న వాక్యం అరగంటలో ఒక్కసారైనా ఎవరి నోటి నుంచీ రాకపోతే, అక్కడ జరుగుతున్నది జల్పమే.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో కొందరు మిత్రులతో కలిసి జుంటో అనే చర్చా బృందాన్ని ఏర్పాటు చేశాడు. వారు శుక్రవారం సాయంత్రాలు కలుసుకునేవారు. ఖండితంగా మాట్లాడటాన్ని, ఎదుటివారి మాటను ముఖం మీదే కాదనడాన్ని కొంతకాలానికి వారు నిషేధించి, నియమం తప్పినవారికి చిన్నపాటి జరిమానా విధించేవారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చదువుకునే చోట జరిమానాల అవసరం ఉండదు గాని, "కచ్చితంగా ఇంతే" అన్న మాటకు బదులు "నాకు తెలిసినంత వరకు ఇది ఇలా ఉంది, కారణం ఇది" అనడం అలవాటైతే, తర్వాత అభిప్రాయం మార్చుకోవడానికి ఎవరికీ నామోషీ అనిపించదు.

ముందు ఒంటరిగా, తర్వాత కలిసి

సామూహిక అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, ప్రశ్న వినగానే అందరూ మాట్లాడటం మొదలుపెట్టడం. ఎవరి నోరు చురుకైనదో వారి జవాబే అందరి జవాబుగా స్థిరపడుతుంది. ఉమ్మడిగా ఆలోచిస్తే ఆలోచనలు ఎక్కువగా వస్తాయన్న నమ్మకాన్ని 1958లోనే యేల్ పరిశోధకులు పరీక్షించి చూశారు. కలిసి కూర్చుని ఆలోచించిన బృందాల కంటే, అదే సంఖ్యలో మనుషులు విడివిడిగా ఆలోచించి రాసినవాటిని తర్వాత కలిపితేనే ఎక్కువ ఆలోచనలు పోగయ్యాయి. జ్ఞాపకం చేసుకోవడంలోనూ అదే కనిపిస్తుంది. చదివినదాన్ని కలిసి గుర్తు చేసుకునేవారు, విడివిడిగా గుర్తు చేసుకుని చివర్లో జాబితాలు కలుపుకునేవారి కంటే తక్కువ విషయాలు చెప్పగలుగుతారు. ఒకరి మాట మరొకరి ఆలోచన దారాన్ని తెంపుతూ ఉంటుంది.

అందువల్ల మొదటి ఐదు నిమిషాలు మౌనానికి కేటాయించండి. ప్రతి ఒక్కరూ కాగితం మీద తమ జవాబును, దానికి కారణాన్ని, దాని మీద తమకున్న నమ్మకాన్ని రాయాలి. నమ్మకాన్ని "గట్టిగా", "కొంచెం", "ఊహ మాత్రమే" అని మూడు మాటల్లో ఒకటిగా రాస్తే చాలు. రాసిన జవాబును మనసులో చల్లగా సవరించుకోవడం కుదరదు కాబట్టి, చర్చ తర్వాత మన ఆలోచన ఎక్కడ మారిందో స్పష్టంగా కనిపిస్తుంది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి తన తరగతుల్లో అనుసరించిన పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తుంది. భావనకు సంబంధించిన ఒక ప్రశ్న వేస్తారు. విద్యార్థులు ఎవరికి వారు ఆలోచించి జవాబు ఎంచుకుంటారు. ఆ తర్వాత పక్కవారితో, వీలైతే వేరే జవాబు ఎంచుకున్న వారితో, చర్చించి మళ్లీ జవాబు చెబుతారు. చర్చలో కేవలం తెలివైన విద్యార్థి చెప్పిన జవాబును మిగిలినవారు కాపీ కొడుతున్నారేమోనన్న అనుమానం సహజం. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర తరగతుల మీద జరిపి, 2009లో ప్రచురించిన అధ్యయనం ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చింది. చర్చ ముగిశాక, అదే భావన మీద మరో కొత్త ప్రశ్న ఇచ్చి ఒంటరిగా జవాబు రాయమంటే ఫలితాలు మెరుగుపడ్డాయి. బృందంలో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని సందర్భాల్లోనూ ఆ మెరుగుదల కనిపించింది. అంటే, తెలిసినవారెవరూ లేరు కాబట్టి చర్చ దండగ అనుకోనవసరం లేదు.

ప్రశ్న ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. "సాంద్రత నిర్వచనం చెప్పండి" వంటి ప్రశ్నకు పుస్తకంలో ఒక వాక్యం ఉంది. దాన్ని వల్లించాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. "గ్లాసు నీటిలో తేలుతున్న మంచుముక్క పూర్తిగా కరిగితే నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అని అడిగి చూడండి. నలుగురిలో ఇద్దరైనా విభేదిస్తారు, ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒక కారణం ఉంటుంది. జవాబు అలాగే ఉంటుందన్నదే గాని, అక్కడికి చేరేలోపు తేలడం అంటే ఏమిటో, తొలగిన నీటి బరువు అంటే ఏమిటో అందరూ విప్పి చెప్పుకోవాల్సి వస్తుంది.

పుస్తకం మూసి చెప్పడం

ఎదుటివారికి చెబితే మనకు బాగా వస్తుందన్న మాట పాతదే. ఎలా చెబితే వస్తుందో తెలుసుకోవడమే ముఖ్యం. సింగపూర్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద జరిపిన ఒక ప్రయోగం 2018లో ప్రచురితమైంది. డాప్లర్ ప్రభావం (శబ్దం చేసే వాహనం దగ్గరకొచ్చేటప్పుడు, దూరమయ్యేటప్పుడు దాని శబ్దస్థాయి వేరుగా వినిపించడం) గురించి చదివిన విద్యార్థుల్లో కొందరు నోట్సు లేకుండా పాఠం చెప్పారు, మరికొందరు చేతిలో రాసిపెట్టిన పాఠాన్ని చూస్తూ చెప్పారు, ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. వారం తర్వాత పరీక్షిస్తే, చూస్తూ చెప్పినవారికి పెద్దగా ప్రయోజనం కలగలేదు. నోట్సు లేకుండా చెప్పినవారు, జ్ఞాపకం నుంచి రాసినవారు వారికంటే మెరుగ్గా ఉన్నారు. చెప్పడంలో ఉన్న బలం చాలావరకు జ్ఞాపకంలోంచి విషయాన్ని తవ్వి తీయడంలో ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది. స్లైడ్లు చూస్తూ గుక్క తిప్పుకోకుండా చదివేసే ప్రెజెంటేషన్లు చెప్పేవారికే ఎందుకు గుర్తుండవో కూడా అర్థమవుతుంది.

కాబట్టి చిన్న భాగాన్ని, రెండు మూడు పేజీలకు మించకుండా, ఎంచుకోండి. దాన్ని మరొకరికి చెప్పబోతున్నామన్న ఉద్దేశంతోనే చదవండి. అలా చదివినవారు పరీక్ష కోసం చదివినవారి కంటే ముఖ్యాంశాలను బాగా గుర్తుంచుకున్నారని 2014 నాటి మరో అధ్యయనం చూపింది. తర్వాత పుస్తకం మూసి, పక్కన పెట్టి, చెప్పండి. మధ్యలో తడబడితే పుస్తకం తెరవకండి. తడబడిన చోటును చిన్న గుర్తుతో రాసుకుని ముందుకు సాగండి.

చెప్పేటప్పుడు మన నోటి నుంచి వచ్చే కొన్ని మాటలను అనుమానించడం నేర్చుకోవాలి. "ఆటోమేటిక్‌గా అలా జరిగిపోతుంది", "దానివల్ల ఇది వస్తుందన్నమాట", "ఏదో ఒక విధంగా", "అదంతా మామూలే" వంటివి సాధారణంగా తెలియని చోట వేసిన అతుకులు. ముఖ్యంగా మన "అన్నమాట" గొప్ప మాయలాడి. ఏ కారణమూ చెప్పకుండానే కారణం చెప్పినట్టు వినిపిస్తుంది. వినేవారు ఈ అతుకులు వినిపించిన చోట ఆపి "అక్కడ సరిగ్గా ఏం జరుగుతుంది?" అని అడగాలని ముందుగానే ఒప్పందం చేసుకుంటే, అది అవమానంగా అనిపించదు.

పరిశోధకులు రాడ్ రోస్కో, మిషెలీన్ చీ తోటివారికి చదువు చెప్పే విద్యార్థులను పరిశీలించి ఒక తేడాను గుర్తించారు. చాలామంది తమకు తెలిసినదాన్ని ఉన్నది ఉన్నట్టు అప్పజెబుతారు. కొందరు మాత్రం చెబుతూనే పాత విషయాలతో ముడిపెడతారు, తమను తాము సరిదిద్దుకుంటారు, కొత్త ఉదాహరణ వెతుకుతారు. చెప్పేవారికి లాభం ప్రధానంగా ఈ రెండో తీరులోనే ఉంది. మొదటి తీరు నుంచి రెండో తీరుకు మళ్లించే శక్తి ఎక్కువగా వినేవారి ప్రశ్నకే ఉంటుంది. అది ఎలా జరుగుతుందో ఒక చిన్న సంభాషణలో చూద్దాం. ఇద్దరు స్నేహితుల్లో ఒకరు చంద్రకళల గురించి చదివి వచ్చి చెబుతున్నారు.

"చంద్రుడు నెలంతా ఒకేలా ఎందుకు కనిపించడు?"

"భూమి నీడ పడుతుంది కదా. నీడ ఎక్కువ పడితే సన్నగా కనిపిస్తాడు, తక్కువ పడితే నిండుగా కనిపిస్తాడు."

"సరే. మరి చంద్రగ్రహణం ఎందుకొస్తుంది?"

"అది కూడా భూమి నీడ పడినప్పుడే... ఆగు. రెండింటికీ నీడే కారణమైతే ప్రతి నెలా గ్రహణమే రావాలి."

"ఇంకోటి చెప్పు. శుక్లపక్ష అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి చంద్రుణ్ణి ఎప్పుడైనా చూశావా?"

"చూశాను. తూర్పు వైపున సగం చంద్రుడు తెల్లగా ఉంటాడు."

"అప్పుడు సూర్యుడు ఎక్కడుంటాడు?"

"పడమట. ఇంకా అస్తమించడు. ఇద్దరూ ఆకాశంలోనే ఉంటారు."

"అయితే భూమి నీడ ఎటు పడుతున్నట్టు?"

"సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, అంటే తూర్పున, దిగంతం కిందికి. అది పైనున్న చంద్రుడి దాకా వచ్చే వీలే లేదు. నీడ కారణం కాదన్నమాట. మరి ఆ చీకటి సగం ఏమిటి?"

వినే వ్యక్తి ఇక్కడ ఒక్కసారి కూడా "తప్పు" అనలేదు. చెప్పే వ్యక్తికి అప్పటికే తెలిసిన రెండు విషయాలను, గ్రహణాన్ని, పగటిపూట కనిపించే చంద్రుణ్ణి, అతని జవాబు పక్కన నిలబెట్టడం మాత్రమే చేశాడు. చివర్లో చెప్పే వ్యక్తే ప్రశ్న వేశాడన్నది గమనించండి. పాఠం నిజంగా మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. ఇప్పుడు ఇద్దరూ కలిసి చీకటి గదిలో ఒక దీపం వెలిగించి, చేయి చాపి ఒక బంతిని తల కంటే కొంచెం ఎత్తులో పట్టుకుని, తమ చుట్టూ తాము మెల్లగా తిరిగితే సరిపోతుంది. బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది. ఆ వెలుగు సగంలో మనవైపు తిరిగి ఉన్న భాగం మాత్రం మారుతూ ఉంటుంది. చేతిని కిందికి దించి మళ్లీ తిరిగితే, దీపానికి వీపు పెట్టి నిలబడినప్పుడు తల నీడ బంతి మీద పడుతుంది. అది గ్రహణం. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల చాలా పౌర్ణములలో చంద్రుడు ఆ నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. ఇదే విషయాన్ని మొదటి నిమిషంలోనే "నీడ కాదు, కోణం" అని చెప్పేసి ఉంటే, అతను తలూపి రాసుకునేవాడు. మళ్లీ ఎవరైనా అడిగితే "నీడ" అనే చెప్పేవాడు.

వినడం కూడా పనే

వినేవారి పనిని చాలామంది విశ్రాంతిగా భావిస్తారు. పై సంభాషణ చూస్తే అసలు కష్టం ఎవరిదో తెలుస్తుంది. జవాబు తెలిసి కూడా నోరు కట్టుకోవడం అందులో మొదటి కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదులను పరిశీలించినప్పుడు, ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగి, జవాబు రాకపోతే తామే మాట్లాడేస్తున్నారని తేలింది. ఆ విరామాన్ని 3 సెకన్లు, అంతకంటే ఎక్కువకు పెంచితే విద్యార్థుల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగుపడ్డాయి, ఊరకే కూర్చునేవారు కూడా మాట్లాడసాగారు. మూడు సెకన్లు వినడానికి చిన్నవే గాని, ఎదుట మనిషి తడుముకుంటున్నప్పుడు అవి ఎంత పొడవుగా అనిపిస్తాయో ప్రయత్నించి చూడండి. నేను మనసులో నెమ్మదిగా ఐదు దాకా లెక్కపెట్టుకుంటాను.

అడగడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. "ఎందుకు?", "ఒక ఉదాహరణ చెప్పు", "ఇది వర్తించని సందర్భం ఏదైనా ఉందా?", "పోయిన వారం చెప్పుకున్నదానికి, దీనికి ఏమిటి సంబంధం?" అన్న నాలుగు ప్రశ్నలతో ఏ విషయం మీదైనా గంటసేపు సాగించవచ్చు. వీటన్నిటికంటే ఎక్కువ పని చేసేది ప్రశ్నే కాని ఒక వాక్యం: "నువ్వు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, సరేనా?" అని సొంత మాటల్లో తిరిగి చెప్పడం. మన శాస్త్రచర్చల్లో ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా ముందు నిలబెట్టి, ఆ తర్వాతే ఖండనకు దిగే పద్ధతి ఉండేది. ఎదుటివారే ఒప్పుకునేంత బాగా వారి మాటను చెప్పగలిగిన తర్వాతే విభేదించాలన్న నియమం పెట్టుకుంటే, సగం తగాదాలు అక్కడే ఆవిరైపోతాయి.

ప్రశ్నలతో నేర్పడం అనగానే సోక్రటీసు గుర్తుకొస్తాడు. ప్లేటో రాసిన "మెనో" అనే సంభాషణా గ్రంథంలో ఆయన చదువురాని ఒక బానిస బాలుణ్ణి, రెండు అడుగుల భుజం ఉన్న చదరానికి రెట్టింపు వైశాల్యం గల చదరాన్ని గీయాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. బాలుడు భుజాన్ని రెట్టింపు చేసి నాలుగు అంటాడు. లెక్కవేస్తే వైశాల్యం 8కి బదులు 16 అవుతుంది. మూడు అంటాడు, 9 వస్తుంది. అప్పుడు తనకు తెలియదని ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే కర్ణం మీద గీసిన చదరం దగ్గరకు వారు చేరుకుంటారు. నిజం చెప్పాలంటే, ఆ చివరి భాగంలో బాలుడి జవాబులు ఎక్కువగా "అవును" అన్నవే. సోక్రటీసే చేయి పట్టుకుని నడిపించాడని అనిపిస్తుంది. మనం ఆయన నుంచి తీసుకోవాల్సింది మొదటి భాగం. తప్పు జవాబును కొట్టిపారేయకుండా, దాన్ని లెక్కవేసి దాని పర్యవసానాన్ని ఆ బాలుడి చేతే చూపించాడు.

అసలు ఏమీ తోచక నిలిచిపోయిన వారికి సాయం చేయక తప్పదు. ఒంటరిగా చేయలేని పనిని కొద్దిపాటి ఆసరాతో చేయగలిగే ప్రాంతంలోనే నేర్చుకోవడం జరుగుతుందని సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ చెప్పాడు. ఆ ఆసరా జవాబు రూపంలో ఉండకూడదు. విద్యార్థి బృందాల మీద చాలాకాలం పనిచేసిన నొరీన్ వెబ్ పరిశోధనల్లో, వివరణ ఇచ్చినవారు లాభపడ్డారు, వివరణ అందుకుని దానితో తామే లెక్క చేసినవారూ లాభపడ్డారు. జవాబు మాత్రమే అందుకున్నవారికి ఏమీ మిగల్లేదు. కాబట్టి మొదటి మెట్టు చూపించి, రెండోది వారి చేతే వేయించండి. వివరించడం పూర్తయ్యాక "అర్థమైందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మొహమాటం కొద్దీ ఎవరైనా "అయింది" అనే అంటారు. అదే కోవలో మరో లెక్క ఇచ్చి చూడండి.

బాగా తెలిసినవారికి ఉండే చిక్కు

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేలితో కొట్టాలి, వినేవారు ఆ పాట ఏదో పోల్చుకోవాలి. సగం మంది పోల్చుకుంటారని కొట్టినవారు అంచనా వేశారు. వాస్తవానికి 120 పాటల్లో సరిగ్గా పోల్చుకున్నవి 3 మాత్రమే. కొట్టేవారి తలలో రాగం మోగుతూనే ఉంటుంది. వినేవారికి చేరేది టకటక శబ్దమే. విషయం బాగా తెలిసినవారు చెప్పే పాఠం కూడా చాలాసార్లు ఇలాగే ఉంటుంది, చెప్పేవారికి అది తెలియదు.

ఒక అంశాన్ని పదేళ్ల క్రితం నేర్చుకున్నవారి కంటే నిన్న నేర్చుకున్నవారు కొన్నిసార్లు బాగా చెప్పగలగడానికి కారణం ఇదే. ఎక్కడ కాలు జారిందో వారికింకా గుర్తుంటుంది. మీకు బాగా తెలిసిన విషయాన్ని చెప్పాల్సి వస్తే, నిర్వచనంతో కాకుండా ఒక ఉదాహరణతో మొదలుపెట్టండి, మీరు నేర్చుకునేటప్పుడు చేసిన మొదటి తప్పును చెప్పండి, ప్రతి పారిభాషిక పదం దగ్గరా ఒక్క క్షణం ఆగండి.

ఎంతమంది, ఎలా కూర్చోవాలి

ఇద్దరు చాలు, ముగ్గురు మంచిది, ఐదుగురు దాటితే ఎవరో ఒకరు ప్రేక్షకులవుతారు. ప్రేక్షకులు తయారుకాకుండా చూసే పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ పాఠశాలల్లో ప్రవేశపెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చిన వేర్వేరు బృందాల విద్యార్థులు ముందు కలుసుకుని దాన్ని బాగా అర్థం చేసుకుంటారు. తర్వాత ఎవరి బృందానికి వారు తిరిగి వెళ్లి చెబుతారు. ప్రతి ముక్కా ఒకరి దగ్గరే ఉంటుంది కాబట్టి, ఎవరినీ పక్కన పెట్టడం కుదరదు. దీన్ని ఇంట్లో నలుగురు స్నేహితులూ చేసుకోవచ్చు గాని, ఎవరి ముక్క వారికే బాగా వచ్చి మిగిలినవి పైపైన మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల రెండోసారి కలిసినప్పుడు ముక్కలు మార్చుకుని, పోయినసారి విన్నదాన్ని చెప్పాలి.

ఎవరూ దొరకని రోజులు కూడా ఉంటాయి. సాధించిన లెక్కలను చదివేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఎలా వచ్చింది?" అని తమకు తామే వివరించుకున్న విద్యార్థులు మెరుగ్గా నేర్చుకున్నారని మిషెలీన్ చీ బృందం 1989లోనే చూపింది. ప్రోగ్రామర్లు బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకుని తమ కోడ్‌ను వరుసవారీగా దానికి చెబుతూ తప్పు పట్టుకుంటారు. బాతు ప్రశ్న అడగదన్న లోటు ఉంది. అయినా పైకి, పూర్తి వాక్యాల్లో చెప్పండి. మనసులో చెప్పుకునే వాక్యం సగంలో ఆగినా మనకు తెలియదు, నోటితో చెప్పేది ఆగితే వినిపిస్తుంది.

తప్పు కూడా పంచుకోబడుతుంది

ఇద్దరికీ గట్టి నమ్మకం ఉండి, ఇద్దరిదీ తప్పే అయితే, చర్చ ఆ తప్పును మరింత బిగిస్తుంది. ఇలా జరగకుండా చూసే భారం పుస్తకానిది. దాన్ని ఎప్పుడు తెరవాలన్నది కీలకం. ముందే తెరిస్తే ఆలోచించే పని ఉండదు, అసలు తెరవకపోతే తప్పు ఇంటికి వెళుతుంది. మా దగ్గర ఒక పలచటి నోటుపుస్తకం ఉండేది. పది నిమిషాల్లో తేలని ప్రతి వివాదాన్నీ ఇరువైపుల వాదనలతో సహా అందులో రాసి ముందుకు వెళ్లేవాళ్లం. చివర్లో పుస్తకం తెరిచి, ఒక్కొక్కటిగా సరిచూసుకునేవాళ్లం. ఎవరు గెలిచారన్నది రాసేవాళ్లం కాదు. పొరబాటు ఏ మెట్టు దగ్గర జరిగిందన్నది మాత్రం రాసేవాళ్లం. పుస్తకంలోనూ స్పష్టంగా దొరకనివి ఆ విషయం బాగా తెలిసినవారిని అడగాల్సిన ప్రశ్నలుగా మిగిలేవి. అంత నలిగిన తర్వాత అడిగే ప్రశ్న ఎంత పదునుగా ఉంటుందో, దానికి వచ్చే జవాబు కూడా అంత నేరుగా ఉంటుంది.

లేచే ముందు చివరి పది నిమిషాలు మళ్లీ మౌనం పాటించండి. మొదట్లో రాసిన కాగితాన్ని పక్కన పెట్టుకుని, దాన్ని చూడకుండా, అదే ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాయండి. తర్వాత రెండింటినీ పోల్చండి. ఏమీ మారకపోతే, ప్రశ్న మరీ తేలికైనదైనా అయి ఉండాలి, మీరు ఆ పూట ఊ కొడుతూనైనా కూర్చుని ఉండాలి. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ కలిసినప్పుడు, కొత్త పాఠానికి ముందు, పోయినసారి చెప్పుకున్నదాన్ని కాగితం చూడకుండా ఒకరు చెప్పాలి. ఆ పని పోయినసారి అందరికంటే తక్కువ మాట్లాడిన వారికి అప్పగించండి.